సలాంగ్ తూటా

మా ఆయన మీర్ అఫ్జల్ ఎడమ చెంప మీద బొత్తామంత గుంట ఉంది. సలాంగ్ కనుమలో రష్యావాళ్ళ తూటా తగిలి పడిందని ఆయన చెబుతాడు, కాబూల్‌లో మా వీధి వీధంతా నమ్ముతుంది. ఆ కథ ఏటేటా పెరుగుతోంది. మొదట్లో ఒక్క సిపాయి కాల్చాడు. ఇప్పుడు ట్యాంకు దాకా వచ్చింది. ఇంకో రెండేళ్ళు ఆగితే విమానం కూడా దిగుతుంది. పెళ్ళిళ్ళలో పై వరసలో పరుపు మీద చోటు, పులావులో పెద్ద మాంసం ముక్క, అన్నీ ఆ గుంట సంపాదనే.

ఆ గుంట పుట్టుక నాకు తెలుసు. నేను ఆయన మేనత్త కూతుర్ని. చిన్నప్పుడు ఆ చెంప మీద సాల్‌దానా లేచింది. ఈ ఊళ్ళో సగం మందికి లేచే ఏడాది పుండే. వాళ్ళమ్మ బూడిద అద్దింది, కాల్చిన చెంచా పెట్టింది. ఈయన వీధి చివరిదాకా వినబడేట్టు ఏడ్చాడు. ఏడాదికి పుండు మానింది, గుంట మిగిలింది. ఇక యుద్ధం నాటికి ఈయన పెషావర్‌లో మా మామయ్య కొట్లో కిస్‌మిస్ తూస్తున్నాడు. కాసిని కోతలు కోస్తే మన సొమ్మేం పోయింది, అని నవ్వుకుని ఊరుకునేదాన్ని.

ఈ వేసవి వెళ్ళాక మా మనవరాలు నీలాబ్ ముక్కు మీద ఎర్రటి పొక్కు లేచింది. ఆరేళ్ళ పిల్ల. చీమ కుట్టిందనుకున్నాం. చూస్తుండగానే పొక్కు పగిలి, అంచులు లేచి, మధ్యలో పక్కు కట్టింది. మా కొడుకు ఇరాన్‌లో ఇటుకలు మోస్తున్నాడు కాబట్టి ఇంట్లో దేనికైనా ఈయన అనుమతి కావాలి. కోడలు మహ్‌తాబ్ టీ కప్పు ఆయన ముందు పెట్టి మెల్లగా అంది.

“బాబా, ఇది సాల్‌దానాలా ఉంది. ఆసుపత్రిలో ఊరికే సూదులు వేస్తున్నారట. ఆలస్యమైతే ముక్కు తినేస్తుందట.”

“నోర్ముయ్! మా వంశంలో ఎవరికీ సాల్‌దానా రాలేదు. అది మట్టిగోడల కొంపల్లో వచ్చే రోగం,” అన్నాడు, మట్టిగోడకే ఆనుకుని కూర్చుని.

“మరి ఇదేంటి?” అన్నాను.

“వేడి పొక్కు. పుచ్చకాయ తినిపించు. ఇంకోసారి ఇంట్లో ఎవరైనా ఆ మాట ఎత్తారో, చెబుతాను!”

ఆయన భయమేంటో నాకు అర్థమైంది. పిల్ల ముక్కు మీద పడే గుంటా, ఆయన చెంప మీది గుంటా కవలల్లా ఉంటాయి. ఆయనగారి తూటా కోసం నా మనవరాలి ముక్కు పోవాలి! నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కింటివాళ్ళు అప్పటికే దానికి గ్లాసు వేరే పెట్టారు. రేపు సంబంధానికి వచ్చినవాళ్ళు ఆ మచ్చ చూసి టీ కూడా తాగకుండా లేస్తారు.

శుక్రవారం పెద్దమనుషులు నలుగురు మా ఇంటికి వచ్చారు. కథ ట్యాంకు దాకా వచ్చింది. నేను తెర వెనక నుంచి వింటున్నాను. నీలాబ్ బాదంపప్పుల పళ్ళెం పట్టుకెళ్ళి, అక్కడ పెట్టి, తాత ఒళ్ళో కూర్చుంది.

“బాబాజాన్, నీ తూటా బయటికి ఎప్పుడొచ్చింది? నాది ఇంకా రాలేదు,” అంది ముక్కు చూపించి.

జబ్బు పేరు ఎవరూ చెప్పకపోతే పిల్ల ఏమనుకుంటుంది? తాతకున్నదే తనకూ వచ్చిందనుకుంది. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. ఆ నలుగురిలో ముగ్గురి ముఖాల మీద అలాంటి తూటా గాయాలే ఉన్నాయి. తేలు కుట్టిన దొంగల్లా టీ తాగి, చెప్పులు వెతుక్కున్నారు.

వాళ్ళు గడప దాటగానే తెర తీశాను.

“రేపు దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. కాదన్నావో, ఆడవాళ్ళ స్నానాల రోజున హమాంలో కూర్చుని కిస్‌మిస్ కొట్టు కథ మొదలుపెడతాను.”

హమాంలో పుట్టిన మాట సాయంత్రానికల్లా ఊరు చుట్టి వస్తుందని ఆయనకి బాగా తెలుసు. పొద్దున్నే తలపాగా చుట్టుకుని మాతో బయల్దేరాడు.

ఆసుపత్రి వరండా నిండా మా వీధివాళ్ళే. డాక్టరమ్మ అందరి ముందే పుండు చూసింది.

“సాల్‌దానాయే. పిల్లని ముట్టుకుంటే ఎవరికీ రాదు. కానీ వైద్యం చేయించకుండా వదిలేస్తే, పిల్లని కుట్టిన చిన్న ఇసుక ఈగే పోయి ఇంకొకరిని కుడుతుంది, వాళ్ళకీ లేస్తుంది. పడుకునేటప్పుడు దోమతెర కట్టండి,” అని సూది తీసింది.

నీలాబ్ రెండు చేతులతో ముక్కు మూసేసుకుంది. “వద్దు! తూటాకి సూది వెయ్యరు. బాబాజాన్‌కి వేశారా?”

“కంటికి దగ్గర. పిల్ల కదిలితే నేను వెయ్యలేను,” అంది డాక్టరమ్మ.

అందరూ మా ఆయన వంక చూశారు. నేనూ చూశాను. మీసం సవరించుకున్నాడు, తలపాగా సవరించుకున్నాడు. సవరించుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

“నాది తూటా కాదమ్మా,” అన్నాడు. “నీకు లేచిన పుండే. నాకు ఎవరూ సూది వేయించలేదు, అందుకే ఇలా మిగిలింది.”

“మరి ట్యాంకు?”

“ట్యాంకూ లేదు.”

“నువ్వు ఏడ్చావా?”

“చాలా.”

నీలాబ్ ముక్కు మీంచి చేతులు దించింది. సూది దిగగానే అది పెట్టిన కేకకి వరండాలో పిల్లలందరూ ఏడుపు అందుకున్నారు. వారం వారం తీసుకురమ్మంది డాక్టరమ్మ.

బయటికి రాగానే ఆయన తలపాగా కొస చెంప మీదికి లాక్కున్నాడు.

“ఇక బజార్లో ముఖం ఎలా చూపించను?”

“గుంటతో సహా చూపించు,” అన్నాను. “పిల్ల ముఖం దక్కించుకోవడానికే కదా వచ్చాం. పట్టు, దాన్ని ఎత్తుకో.”