చమేలీ ఆగిన చోటు

ఏటా కోతలయ్యాక విడవలూరు దగ్గరి సముద్రపొడ్డున జట్కా గుర్రాలకు పందేలు పెడతారు. ఏడాది పొడుగునా బండి లాగే గుర్రాలకు ఆ ఒక్కరోజు కళ్ళ పక్కల తోలు గంతలు విప్పేస్తారు. పాపం, వాటికి సముద్రం కనబడేది ఆ ఒక్కరోజే.

ఎప్పటిలాగే ముగ్గురు స్నేహితులు పొద్దున్నే చేరారు. రైతు హజరత్తయ్య పులిహోర మూట తెచ్చాడు. బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేసే సమాధానం సెలవు పెట్టి వచ్చాడు. జట్కా తోలే మదార్ మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అతని గుర్రం చమేలీ నాలుగు నెలల కిందట చచ్చిపోయింది. అది చాలదన్నట్టు, పక్కవీధిలో రవికలు కుట్టే మస్తాన్‌బీని వాళ్ళన్న చోటే సాహెబ్ సాయంత్రం బస్సుకు వెంకటాచలం తీసుకుపోతున్నాడు, ఇక అక్కడే ఉంచేసుకోవడానికి. మదార్‌కు ఆమంటే ప్రాణం. మూడేళ్ళయినా ఆ మాట ఆమెతో చెప్పలేదు.

“ఈరోజన్నా చెప్తావా లేదా?” అన్నాడు హజరత్తయ్య.

“ఎట్ట చెప్పేదన్నా? నోరు పెగలదు.”

“మా షెడ్డులో పాత ఇంజన్లు నయం. కూతన్నా కూస్తాయి,” అన్నాడు సమాధానం.

పందెం పెద్ద జయరామయ్య పేర్లు చదివాడు. ఎనిమిదో పేరు చమేలీ. జెండా ఊపగానే ఏడు గుర్రాలు కనబడుతూ, ఒకటి కనబడకుండా ఉరికాయి. తడి ఇసకలో చమేలీ గిట్టల గుర్తులు వరసగా పడుతూ పోతున్నాయి. కుడి ముందుకాలి గుర్తు కాస్త వంకర, అందుకే ఊరందరికీ తెలుసు. జనం దాన్ని పేరుపెట్టి హుషారు చేశారు. సమాధానానికి ఒక్క సందేహమే వచ్చింది.

“మీద రౌతు లేకుండా ఒప్పుకుంటారా?”

“ఉన్నాడో లేడో నీకెట్ట తెలుసయ్యా?” అన్నాడు జయరామయ్య.

చమేలీ అన్నిటికంటే ముందుంది. ఇంకో ఇరవై గజాలు పోతే గెలుపే. అక్కడ గుర్తులు పక్కకు తిరిగి, పొడి ఇసకలోకెక్కి, జనంలోకి వచ్చాయి. జనం జరిగి దారిచ్చారు. అవి నేరుగా వెళ్ళి, అన్న పక్కన నిలబడి పందెం చూస్తున్న మస్తాన్‌బీ ముందు ఆగాయి.

“గెలిచే పందెం వదిలేసి ఇక్కడ నిలబడిందేంది?” అన్నాడు చోటే సాహెబ్.

మస్తాన్‌బీ ఆ గుర్తులకేసి చాలాసేపు చూసింది.

“మా ఇంటిముందు రోజూ ఇట్టనే ఆగేదన్నా. ‘కదలనంటుండాది, నన్నేం చెయ్యమంటావు?’ అనేవాడు మదార్. నిజమేననుకొని, మొండి గుర్రమని దీన్నే తిట్టినా. ఇంకెవురింటి ముందన్నా ఆగేదేమో అడుగు.”

చోటే సాహెబ్ మదార్ వైపు తిరిగాడు.

“ఆ అలవాటు చేసిందెవరు?”

పరువు పోయినా సరే, చచ్చినదాని మీదకు తప్పును ఇంకోసారి నెట్టడానికి మదార్‌కు మనసొప్పలేదు.

“నేనే,” అన్నాడు.

మస్తాన్‌బీకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ దాచుకోలేదు.

“నేను బస్సెక్కనన్నా,” అంది.

సాయంత్రం బస్సుకు చోటే సాహెబ్ ఒక్కడే వెళ్ళాడు. నిఖా మాటలకు పెద్దలను వెంటబెట్టుకు రావాలి గదా.