ఏడు ప్రతులకూ పసుపు

ఏ కాగితం రాసినా మొదటి ప్రతికి నాలుగు మూలలా పసుపు పెట్టడం మా ఇంటి పద్ధతి. శుభలేఖకు పెట్టినప్పుడు రొయ్యల ఎగుమతి కాగితానికి మాత్రం ఎందుకు పెట్టకూడదు? భవానీపురంలో మా అరుగు మీద కూచుని, సముద్రం ఒడ్డువాళ్లకు ఆ కాగితాలు రాసిపెట్టేవాణ్ణి.

డెబ్బై ఆరు ఎండాకాలంలో బందరు వైపు నుంచి కొండలమ్మ తొలిసారి లారీ వేసుకుని వచ్చింది. నలభై బుట్టల రొయ్యలు, పైన ఐసు. మద్రాసులో ఓ కంపెనీవాళ్లు వాటిని గడ్డకట్టించి ఓడెక్కిస్తారు. పదిహేను పడవల వేట అది. సరుకు చెడితే కంపెనీ మళ్లీ వాళ్ల మొహం చూడదు.

సరుకు ముందుకు కదలాలంటే ఆ కాగితానికి ముద్ర వేయాల్సిన సర్కారు ఆఫీసులో, హెడ్డు గుమాస్తా వెంకటసుబ్బారావుగారికి తొమ్మిదింటికి ఏడు ప్రతులూ ఇచ్చాను. ఆయన వాటిని బల్ల మీద పరిచేసరికి పన్నెండయింది.

"ఏడూ ఒక్కలా ఉండాలండీ. మొదటిదానికి పసుపుంది, మిగతా ఆరింటికీ లేదు."

"శుభమని పెట్టానండీ. గోకేయమంటారా?"

నుదుట కుంకుమబొట్టున్న మనిషి, ఉలిక్కిపడ్డారు. "పసుపు గోకేయమని నా నోటితో ఎలా చెప్పను? అలాగని తేడా ఉన్నవి తీసుకోనూ లేను."

"అసలు ఏడోది ఎందుకండీ?"

"ఆరోదానితో సరిచూడ్డానికి."

బయట లారీ కింద నీళ్లు కాలవ కట్టాయి. కొండలమ్మ లోపలికి వచ్చింది. సంగతి చెప్పాను.

"ఏంది పంతులుగారూ, మీ దేవుడు ఒక్క కాగితమే చదువుతాడా? తక్కిన ఆరూ ఏం పాపం చేశాయి?" అంటూ తడివేళ్లతో తన చెంపల మీది పసుపు తీసి ఇరవైనాలుగు మూలలకూ అద్దింది.

వెంకటసుబ్బారావుగారు ఒక ప్రతిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "వీటికి రొయ్యల వాసనండీ. మొదటిదానికి లేదు."

"అయ్యో, దాన్ని మర్చిపోయా బాబూ!" అని కొండలమ్మ మొదటిదాన్నీ రెండు చేతులా నిమిరింది. ఆయన ఏడింటికీ ముద్ర వేశారు.

నాలుగో రోజున కొండలమ్మ మా అరుగెక్కింది. ఆరు బుట్టలు చెడాయట. ఇంకోసారి ఇలా అయితే రావద్దని కంపెనీ చెప్పిందట. నా పసుపే కొంప ముంచిందని చెంపలు వేసుకున్నాను.

"మీ పసుపుకి పావుగంట పట్టింది. మిగతా మూడు గంటలూ ఎవరు తిన్నారో కనుక్కోండి. దేవుణ్ణయితే గంట కొట్టి మరీ అడుగుతారుగా, ఆ బాబుగారిని అడగటానికి నోరు రాదేం?"

మర్నాడు వెళ్లి అడిగాను. "లారీ బయల్దేరే ముందురోజే కాగితాలు చూసి ముద్ర వేయకూడదాండీ?"

వెంకటసుబ్బారావుగారు రూల్సు పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పారు. "వేయకూడదని ఎక్కడా లేదండీ."

"మరి ఇన్నాళ్లూ?"

"ఎవరూ అడగలేదు."

ఆ వారం కొండలమ్మ ముందురోజు పొద్దున బుట్టల లెక్క రాసి బస్సులో నాకు పంపింది. సాయంత్రానికి ముద్ర పడింది. తెల్లవారి ఆ కాగితాలు పట్టుకుని మద్రాసు దారిలో బ్యారేజీ దగ్గర నిలబడ్డాను. డ్రైవరు లాజరు లారీ ఆపకుండానే చెయ్యి చాచి కాగితాలు అందుకున్నాడు.

పక్క సీట్లోంచి కొండలమ్మ తల బయటపెట్టి అరిచింది. "పంతులుగారూ, ఇయ్యాల దిగి మీతో పోట్లాడే తీరిక లేదండీ!"