పడవ రంగుల చక్కెర

ఆ పొద్దున ఆకాశం సముద్రం వైపు మసిపట్టిన పెనంలా ఉంది. తూర్పున ఇంకా ఎండ కాస్తోంది. కొన్నాళ్లుగా గాలి ఇసుక మోసుకొస్తోందే గాని ఒక్క చుక్క రాల్చలేదు. అల్లాల్ కంచర గాడిద మీద బుట్టలు కడుతూ మబ్బు కింది అంచు చూశాడు. అంచు చిరిగి వేలాడుతోంది. అలా వేలాడిన మబ్బు ఊరికే తిరిగిపోదు.

"ఇవాళ పడుతుంది," అన్నాడు.

"పడితే ఏం దున్నుతావు? ఒంటి గాడిదతోనా?" అంది అతని భార్య తామూ గుమ్మంలోంచి.

అల్లాల్ బుట్ట తాడు ముడేశాడు. ఆ ఊళ్లో ఒంటెనీ కంచర గాడిదనీ ఒకే కాడికి కట్టి దున్నుతారు. తండ్రి పోతూ పోతూ ఒంటెను పెద్దకొడుకు మాతీకి, గాడిదను చిన్నకొడుకు అల్లాల్‌కి ఇచ్చాడు. కొడుకులు విడిపోకూడదనే ముసలాయన అలా పంచాడని ఊరంతా అనుకుంటుంది. తొలివాన పడ్డాక నేల మెత్తగా ఉండేది కొద్ది రోజులే. అప్పుడు దున్నకపోతే ఇద్దరికీ బార్లీ ఉండదు. వసంతంలో జరిగిన విందు నుంచి ఆ అన్నదమ్ములకి మాటల్లేవు.

"పట్నంలో రెండు చక్కెర దిమ్మలు తీసుకో. ఇంటికి రావద్దు, అటునుంచి అటే మీ అన్న గుమ్మం తొక్కు," అంది తామూ. "ఆ బొమ్మల పిల్ల సందులోకి మాత్రం పోకు."

"పోను."

"ఏదీ, నా మొహం చూసి చెప్పు."

అల్లాల్ గాడిద పొట్టపట్టీ ఇంకాస్త బిగించాడు. అది బిగిసే ఉంది.

తగువు తీరాలంటే చిన్నవాడు నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మలు పట్టుకొని పెద్దవాడి ఇంటికి పోవాలి. పెద్దవాడు అక్కడే, అతని ఎదుటే, ఇంట్లో చక్కెర కోసం ఉంచుకున్న చిన్న సుత్తి తీసి దిమ్మ పగలగొట్టి టీలో వేస్తే తగువు తీరినట్టు. పగలగొట్టకుండా అరమీద పెట్టేస్తే తీరనట్టు. తప్పయిందని ఒకరు అనక్కర్లేదు, పోనీలే అని ఇంకొకరు అనక్కర్లేదు. మాట పెగలని మనుషులకి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

అసలు తగువుకి కారణం ఒక గ్యాసు బండ. నిజం బండ కాదు, బొమ్మ.

కొన్నేళ్ల కిందట సవీరా రేవుపట్నంలో గాలి దుమారం రేగితే అల్లాల్ ఒక సందులోకి తప్పుకున్నాడు. ఆ సందులో మీలూదా అనే అమ్మాయి చిన్న గదిలో చెక్కపలకల మీద బొమ్మలు వేస్తూ కనిపించింది. పడవలు కట్టేచోట డబ్బాల అడుగున మిగిలిన రంగులే ఆమె రంగులు. ఎదురుగా సార్డిన్ చేపల డబ్బా బొమ్మ ఒకటి ఆరబెట్టి ఉంది. తలుపంత డబ్బా. పసుపు మీద ఎరుపు, లోపల చేపలు ఊదా రంగువి, నూనె ఆకుపచ్చ. అల్లాల్ పుట్టినప్పటి నుంచి పొలం గట్టు మీద కూచుని అలాంటి డబ్బాలు విప్పి రొట్టెతో తిన్నాడు. మూత వెనక్కి చుట్టుకుపోయేటప్పుడు అంత అందంగా వంగుతుందని ఆ రోజే చూశాడు. గాలి ఆగిపోయినా కదల్లేదు. పరదేశీయులు దీన్ని పాప్ ఆర్ట్ అంటారని ఆ అమ్మాయి చెప్పింది. అల్లాల్‌కి ఆ మాటతో పని పడలేదు. ఏడాదికొకటి చొప్పున తన ఇంటి తేనె ఇచ్చి బొమ్మ తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

డబ్బా తర్వాత ప్లాస్టిక్ చెప్పుల వరస వచ్చింది. తర్వాత గులాబీ రంగు గోడ ముందు నీలం టీ కూజా. తామూ మొదట్లో సణిగింది. కూజా వచ్చాక మాత్రం ఒకనాడు చెప్పకుండా పోయి గది పరుపులకి అదే గులాబీ రంగు గుడ్డ కొనుక్కొచ్చింది. రోజూ పొద్దున్నే తుడిచేదీ ఆమే. చివరగా గ్యాసు బండ వచ్చింది. ఎర్రటి నేపథ్యం మీద ఆకుపచ్చ బండ, దాని నీడ నారింజ రంగు. సాయంత్రం పడమటి కిటికీ తీస్తే వెలుగు ఆ నారింజ నీడ మీద పడి గది మొత్తం పొయ్యి వెలిగినట్టుండేది. అల్లాల్ ఆ వేళకి పనులు ముగించుకొని వచ్చి కూచునేవాడు. ఎందుకని తామూ ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా వచ్చి కూచునేది.

వసంతంలో చుట్టాలందరికీ విందు పెట్టాడు. మాతీ ఆ బండ బొమ్మ కింద కూచోడానికి వచ్చి ఆగాడు.

"జనం గోడలకి దేవుడి మాటలు కట్టుకుంటారు. మా తమ్ముడు గ్యాసు బండ కట్టుకున్నాడు," అన్నాడు అందరికీ వినబడేలా. "ఎవరైనా అగ్గిపుల్ల గీయండర్రా, ఇల్లు పేలుతుందేమో చూద్దాం!"

గది ఘొల్లుమంది. అల్లాల్ పళ్లెం పెట్టి, తల ఎత్తకుండా, "నీ గోడకేముంది? తేమ," అన్నాడు.

ఈసారి గది ఇంకా గట్టిగా నవ్వింది. మాతీ ఇంటి ఉత్తరపు గోడ ఊరందరికీ తెలుసు. ఏటా సున్నం కొడతాడు, ఏటా మచ్చ తిరిగొస్తుంది. దాన్ని చాటు చెయ్యడానికి ఒక బీరువా కూడా కొన్నాడు. మాతీ ముద్ద ముట్టకుండా చెప్పులేసుకొని వెళ్లిపోయాడు.

సవీరాలో అల్లాల్ ముందు చక్కెరే కొన్నాడు. రెండు దిమ్మలు, నీలం కాగితాలు, పైన దారం. కొట్టువాడు ఎంచుతుంటే కాగితం చిరిగినదాన్ని పక్కకి పెట్టించాడు. ఇక గాడిద దగ్గరికి పోవాలి. కాళ్లు సందులోకి పోయాయి.

"ఏం బాబాయ్, చంకలో చక్కెర! పెళ్లా?" అంది మీలూదా. మోచేతుల దాకా రంగు.

"తగువు."

"ఎవరితో?"

"మా అన్నతో. నీ గ్యాసు బండ గురించి."

"బండ బాగాలేదన్నాడా?"

"పేలుతుందన్నాడు."

మీలూదా పడీపడీ నవ్వింది. "అయితే బాగా వేశానన్నమాట! అంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది బాబాయ్? మీ అన్నకి చూపుంది." అంటూ లోపలికి పోయి ఒక పలక ఎత్తుకొచ్చి గోడకి ఆనించింది. "వేసవిలో ఇచ్చిన తేనెకి ఇది. ఒక దొరసాని అడిగితే ఇవ్వలేదు. మా బాబాయ్ ఇంట్లో కూజా ఉంది, బండ ఉంది, చక్కెర ఒక్కటే లేదని చెప్పాను."

పలక మీద రెండు చక్కెర దిమ్మలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. పెద్దదాని కాగితం నారింజ రంగు, పైనించి కిందిదాకా బిగుతుగా చుట్టి ఉంది. చిన్నదాని కాగితం సగం విప్పి ఉంది. లోపలి తెలుపులో తెలుపే లేదు. నిమ్మపసుపు, లేత గులాబీ, ఆకాశం రంగు పక్కపక్కనే ఉన్నాయి, దూరం జరిగి చూస్తే మెరిసే చక్కెర. పెద్ద దిమ్మ నీడ చిన్న దిమ్మ మీద పడుతోంది. ఆ నీడ పడ్డమేర చిన్నది నీలంగా ఉంది. అల్లాల్ దగ్గరికి పోయాడు, దూరం జరిగాడు, మళ్లీ దగ్గరికి పోయాడు. ఇంట్లో కూజాకీ బండకీ మధ్య ఎప్పుడో మేకు కొట్టి ఉంచాడు. ఆ మేకు గుర్తొచ్చింది.

"దీన్ని వెయ్యడానికి ఎన్ని దిమ్మలు చూశావు?" అన్నాడు.

"ఒక్కటే. చీమలు పట్టేదాకా చూశాను."

అతను గోనెగుడ్డ అడిగాడు.

"కప్పక్కర్లేదు బాబాయ్! పడవలకేసే రంగు ఇది. సముద్రంలో పడేసినా దులుపుకొని వస్తుంది."

సగం దారిలో వాన పట్టుకుంది. మొదట పెద్ద చుక్కలు దుమ్ములో గుంటలు చేశాయి, తర్వాత కొండ కనబడకుండా పోయింది. మట్టి వాసనకి గాడిద చెవులు నిక్కించింది. అల్లాల్‌కి కూడా లోపల ఏదో వదులయింది. దగ్గరున్నది ఒక్కటే పరదా. ఎడమ బుట్టలో చక్కెర, కుడి పక్కన కట్టిన పలక. అతను దిగి, పరదా విప్పి, పలక చుట్టూ తిప్పి, మూలలు దోపి, తాడు వేశాడు. పసిబిడ్డకి చేసినట్టు చేశాడు. ఆ తర్వాతే ఎడమ పక్కకి వచ్చాడు.

గాడిద డొక్క మీంచి నీలం ధార కారుతోంది. కాగితం రంగు వదిలింది. బుట్టలో చెయ్యి పెడితే దిమ్మలు తడిసిన మట్టిగోడలా జారాయి.

మీలూదా చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. వానలోనే కాసేపు నిలబడ్డాడు. సముద్రానికి చెక్కుచెదరని దాన్ని కప్పి, చుక్కకి కరిగేదాన్ని వదిలేశాడు. వెనక్కి పోదామంటే ఈలోగా వాగు పొంగుతుంది. ముందుకి పోతే చేతిలో చక్కెర లేదు. చక్కెర లేకుండా పోతే దెప్పడానికి వచ్చాడనుకుంటారు. రేపు నేల మెత్తగా ఉంటుంది. ఒంటె అన్న కొట్టంలో నిలబడి ఉంటుంది.

గాడిద ముక్కుతాడు పట్టుకొని ముందుకే నడిచాడు.

తలుపు తీసింది వదిన ఫాత్నా. నీళ్లోడుతున్న మరిదినీ, నీలం గాడిదనీ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "లోపలికి రా. మీ అన్న ఉన్నాడు," అని మాత్రం అంది.

మాతీ చాప మీద కూచుని ఉన్నాడు. ఎదురుగా పొయ్యి మీద టీ కూజా కాగుతోంది. అల్లాల్ తడి బుట్ట గుమ్మం దగ్గర పెట్టాడు. బుట్ట కింద నీలం మడుగు కట్టింది.

"అదేంటి?" అన్నాడు మాతీ.

"చక్కెర."

"నాకు పానకంలా కనబడుతోంది. పరదా లేదా నీకు?"

"ఉంది."

"దేనికి కప్పావు?"

అల్లాల్ బయటికి పోయి పలక తెచ్చాడు. తాడు విప్పి పరదా తీసి, అన్న ఎదురుగా బీరువాకి ఆనించి నిలబెట్టాడు. దాని మీద ఒక్క చుక్క లేదు. వానకి చీకటిపడ్డ గదిలో నారింజ రంగు ఒక్కసారి లేచి నిలబడింది.

మాతీ తల ఒక పక్కకి వంచి చూశాడు. కూజా మూత కొట్టుకుంటోంది.

"ఇది ఎన్ని గ్లాసులకి వస్తుందిరా?" అన్నాడు చివరికి.

అల్లాల్ పలక వైపే చూస్తున్నాడు. "అయిపోదు," అన్నాడు.

"రంగు తడిస్తే పోతుందా?"

"పోదు. పడవ రంగు."

"పోనిదానికి పరదా కప్పావా?"

"కప్పాను."

"నాన్న నీకు గాడిదను ఊరికే ఇవ్వలేదురా," అన్నాడు మాతీ. ఫాత్నా వెనక్కి తిరిగి నవ్వింది. మాతీ నవ్వలేదు గాని చాప మీద ముందుకి జరిగాడు. చూపుడువేలు పెద్ద దిమ్మ మీద పెట్టబోయి, పెట్టకుండా, దాని నీడ వెంట కిందికి తెచ్చాడు. నీడ పోయి చిన్న దిమ్మ మీద పడ్డచోట వేలు ఆగింది.

"ఈ చిన్నది నీలంగా ఎందుకుంది?"

"పెద్దదాని నీడ."

మాతీ లేచాడు. అరమీంచి చక్కెర సుత్తి తీశాడు. పగలగొట్టడమంటే పగలగొట్టడమే, పద్ధతి అది. పలక అంచు మీదికి అల్లాల్ చెయ్యి పోయింది, మళ్లీ తనే వెనక్కి తీసుకున్నాడు. ఇచ్చాక ఇచ్చినట్టే.

"మేకుందా ఫాత్నా?" అన్నాడు మాతీ.

ఫాత్నా డబ్బాలో వెతికి ఒక తుప్పు మేకు తెచ్చింది. అల్లాల్ అది అందుకొని బీరువా ఉన్న గోడ దగ్గరికి పోయాడు. వెలుగు నేరుగా పడేది ఆ గోడ మీదే.

"దానికొద్దు," అన్నాడు మాతీ. కాస్త ఆగి అన్నాడు: "తేమ."

అల్లాల్ వెనక్కి తిరగలేదు. తిరిగితే ముఖం చూపించాలి.

మాతీ తూర్పు గోడ చూపించాడు. తమ్ముడు మేకు పట్టుకున్నాడు, అన్న చక్కెర సుత్తితో కొట్టాడు. చిన్న సుత్తి, అంత మేకుకి చాల్లేదు, చాలాసార్లు కొట్టాల్సి వచ్చింది. బొమ్మ ఎక్కించాక ఇద్దరూ గుమ్మం దాకా వెనక్కి నడిచి చూశారు. కుడివైపు వంగిందని మాతీ సర్దాడు. ఎడమవైపు వంగిందని అల్లాల్ సర్దాడు. ఇంట్లో కూజాకీ బండకీ మధ్య ఖాళీ మేకు ఒకటి అలాగే ఉంటుందని అల్లాల్ అనుకున్నాడు. ఉండనీ. చూడాలనిపిస్తే ఇక్కడికి రావచ్చు.

ఫాత్నా బుట్టలో ముద్దయిన చక్కెరని కాగితం నుంచి ఒలిచి, మిగిలినంతా కూజాలో వేసింది. టీ కొంచెం నీలంగా వచ్చింది, బుట్ట వాసన వేసింది. ఎవరూ వంక పెట్టలేదు. తర్వాత ఆమె వెడల్పాటి మట్టి పళ్లెంలో బార్లీ రవ్వ ఉడికించిన కుస్కుస్ తెచ్చి మధ్యలో పెట్టింది. పైన గుమ్మడికాయ, తెల్ల ముల్లంగి, ఒక మాంసం ముక్క. అన్నదమ్ములు ఎదురెదురుగా, ఇద్దరికీ బొమ్మ కనబడేలా పక్కకి తిరిగి కూచున్నారు. దేవుడి పేరు తలుచుకొని చేతులు పెట్టారు.

బయట వాన నేల లోపలికి దిగుతోంది. ఫాత్నా కొట్టంలో ఒంటె పక్కన గాడిదని కడుతున్న చప్పుడు వినిపించింది. మాతీ మాంసం ముక్కని రెండుగా తుంచి పెద్దదాన్ని వేలితో తమ్ముడి వైపు నెట్టాడు. అల్లాల్ తిన్నాడు. పళ్లెం అడుగు కనబడేదాకా ఇద్దరి చేతులూ ఆగలేదు.