వెనక సీట్లో కొండయాత్ర

నేను ఒక జీపును. కర్మాగారం నుంచి వచ్చిన కొత్తలో అడవి ఆఫీసర్లను మోశాను, ఆ తర్వాత ఓ షావుకారు కాఫీ బస్తాలను మోశాను. రెండింటిలో బస్తాలే నయం. గతుకులొస్తే నన్ను తిట్టేవి కావు. చివరికి పాడేరు దగ్గర కిల్లో బాలన్న అనే డ్రైవరు నన్ను కొని, మేఘాలు చూడవచ్చేవాళ్ళను కొండపైకి చేర్చే పనిలో పెట్టాడు. ఇప్పుడు చక్రాలు ఊడి అతని పెరట్లో ఉన్నాను. నా సీట్ల మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఎందరినో మోశాను గాని, ఒక అత్తాకోడళ్ళు మాత్రం గుర్తుండిపోయారు.

కాకినాడ వాళ్ళు. చలపతి, ఆయన భార్య సువర్చల, తల్లి మాణిక్యాంబ. చలపతి దర్జాగా ముందు కూర్చున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వెనక, బయటినుంచి తీస్తేనే వచ్చే తలుపు లోపల. దారిపొడుగునా మాణిక్యాంబ కోడలికి వంకలు పెడుతూనే ఉంది. చీర నప్పలేదంది, శాలువా తేలేదంది. సువర్చల ఒక్కసారే నోరు విప్పింది.

“ఏవండీ, ఎక్కడైనా కాసేపు ఆపిస్తారా?”

“ఆపితే ఎండొచ్చేస్తుంది. మేఘాలు పోతాయి” అన్నాడు చలపతి.

మేఘాల సంగతేమో గాని, బళ్ళు ఆగిపోయాయి. కొండ చివరి మలుపులో ఓ పక్క లోయ, ఓ పక్క కాఫీ తోట గట్టు. ముందు వ్యాను. వెనక మినీ బస్సు, దాని ముక్కు నా వెనక తలుపుకు ఆనుకుని ఉంది.

“మీరు ఇందులోనే ఉండండి. ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తాను” అని చలపతి దిగి నడిచి వెళ్ళిపోయాడు. బాలన్న కూడా దిగి ముందున్న వ్యాను దగ్గర నిలబడ్డాడు.

ఎండెక్కింది. నా రేకులు కాగాయి. మాణిక్యాంబ మాటలు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయాయి. రెండు చేతులా సీటు అంచు పట్టుకుని కూర్చుంది.

“అమ్మాయ్” అంది చాలాసేపటికి, తల ఎత్తకుండా. “ఇంక నావల్ల కావట్లేదే.”

“నాక్కూడా, అత్తయ్యగారూ. ఇందుకే పొద్దుట్నుంచీ నీళ్ళు ముట్టలేదు.”

“నేనూ ముట్టలేదు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సువర్చల భర్తకు ఫోను చేసింది. సిగ్నల్ లేదు. కుచ్చిళ్ళు ఎగదోపి, ముందు సీటు మీదుగా పాకి కిందికి దిగి, వెనక బస్సును కాస్త జరపమంది.

“నా వెనకాల చూడండమ్మా. ఎక్కడికి పోనిమ్మంటారు?” అన్నాడు బస్సు డ్రైవరు.

“మా అత్తగారు దిగాలి. తలుపు తెరుచుకునేంత చాలు.”

అని ఊరుకోలేదు. దాని వెనక బండి దగ్గరికి వెళ్ళింది, ఆ వెనక బండి దగ్గరికీ వెళ్ళింది. అద్దాలు తట్టి, ముక్కూ మొహం తెలియని మగవాళ్ళకు సిగ్గు విడిచి కారణం చెప్పింది. గొణుక్కుంటూనే ఒక్కో బండీ కాస్త కాస్త వెనక్కి జరిగింది. చివరికి బస్సూ జరిగింది. బాలన్న తలుపు తీశాడు.

సువర్చల అత్తగారిని నడిపించుకుంటూ గట్టెక్కించింది. కాఫీ మొక్కల మధ్య ఒకరికొకరు కొంగు అడ్డం పట్టుకోవడం నాకు ఆకుల సందుల్లోంచి కనిపించింది. తిరిగొచ్చాక ఇద్దరూ నాలోకి ఎక్కలేదు. గట్టు మీద కూర్చుని, సీసా ఎత్తి కడుపునిండా నీళ్ళు తాగారు.

చలపతి చెమటలు కక్కుతూ దిగివచ్చాడు.

“ఎండకి మేఘాలన్నీ పోయాయి, ఏమీ కనిపించలేదు. పదండి, ఎక్కండి. వచ్చే నెల ఇంకో కొండకి వెళదాం.”

“నువ్వెళ్ళిరా నాయనా” అంది మాణిక్యాంబ. “మేం రాం.”

ఆ ‘మేం’ విని సువర్చల అత్తగారి వంక చూసింది.

ఇద్దరూ మళ్ళీ వెనకే ఎక్కారు. బాలన్న మళ్ళీ బయటినుంచే తలుపు వేశాడు. దిగే దారిలోనూ బళ్ళ బారే. మాణిక్యాంబ కోడలి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఘాట్ దిగేదాకా సువర్చల ఆ భుజం కదపలేదు.