పేరమ్మ దాటితే చాలు

కృష్ణపట్నం దాపున ఉన్న ఆ పాలేనికీ, మెరకన ఉన్న ఊళ్లకూ నడుమ ఉప్పువాగు. వాగు మీద మూడు తాటిదూలాల వంతెన. తెప్పలు చెక్కే ఓబయ్య దాన్ని కట్టి పదకొండేళ్లయింది. దాని మంచిచెడ్డలు చూసేదీ అతనే. అయితే జనం నమ్మింది ఓబయ్యను కాదు, అతని పెళ్లాం పేరమ్మను. తెల్లవారి చేపలగంపతో ముందు ఆమె దాటాలి, తర్వాతే మిగతా ఆడవాళ్లు. పెళ్లాన్ని పంపినవాడు అబద్ధమాడతాడా అని వాళ్ల ధీమా. ఇంతకు మించిన పరీక్ష ఏ ఇంజినీరుకు తెలుసు!

పంతొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో ఓబయ్య గొడ్డలి వెనకతట్టుతో దూలాలు కొట్టి చూశాడు. రెండు ఖంగుమన్నాయి. నడిమిది డొల్లగా పలికింది. కొత్తది వెయ్యాలంటే చేవదేరిన తాడిచెట్టు కావాలి. అలాంటివి ఊరిపెద్ద కామాక్షయ్య దొడ్లోనే ఉన్నాయి, నిండా గెలలతో.

“ముంజలు దిగిపోనీరా ఓబయ్యా. రెండు నెల్లు ఓర్చుకోదా ఆ దూలం?” అన్నాడు కామాక్షయ్య.

పాలెంలో పిల్లలందరూ ఆ ముంజల కోసమే కాచుకుని ఉంటారు. ఓబయ్య తల గోక్కున్నాడు. “ఒక్కొక్కరే నడిస్తే తట్టుకుంటాదిలే” అనేశాడు. అది అబద్ధమూ కాదు. తట్టుకున్నా తట్టుకోవచ్చు.

మర్నాడు పేరమ్మ గంప నెత్తికెత్తుకోగానే అతనికి నడిమి దూలం డొల్ల చప్పుడు గుర్తొచ్చింది. పోట్లాడందే వాళ్లకు తెల్లవారదు గానీ, ఆమె లేని ఇల్లు అతను ఊహించలేడు.

“మే, ఈపొద్దు కాలవ లాకు మీదగా పోరాదా?”

అలా పోతే రెండు మైళ్ల చుట్టు. ఈలోగా చేప మెత్తబడుతుంది.

“ఎందుకు?”

“ఊరికినే.”

ఇరవై ఏళ్లు కాపురం చేసిన మనిషి దగ్గర ‘ఊరికినే’ చెల్లుతుందా? పేరమ్మ అతని కళ్లలోకి చూసింది. వెనక పదిమంది ఆడవాళ్లు గంపలతో వరసగా నిలబడి ఉన్నారు. చివర నిండు చూలాలు చెంచమ్మ.

“నన్ను చుట్టు పొమ్మన్నావు, సరే. వీళ్లెవురి పెళ్లాలయ్యా?”

ఓబయ్య ఆ వరసకేసి చూశాడు. కామాక్షయ్య ముందు తల ఊపినప్పుడు ఈ మొహాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

పేరమ్మ గంప దించి, వంతెన మొదట్లో అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఓబయ్య గొడ్డలి తెచ్చి, గట్టి దూలం మీద నిలబడి నడిమిదాన్ని రెండు వేట్లు వేశాడు. మూడో వేటు అక్కర్లేకుండానే అది విరిగి వాగులో పడింది. చెంచమ్మ కడుపు మీద చెయ్యేసుకుంది.

కామాక్షయ్య ముంజల మాట ఓబయ్య నోటనే విని, ఆ రోజు ఆడవాళ్లంతా చుట్టు తిరిగారు. మెత్తబడిన చేప ఎవరూ కొనక, గంపలన్నీ తిరిగొచ్చి కామాక్షయ్య గుమ్మం ముందు దిగాయి. ఆ కంపుకు ఏ పెద్దరికం నిలుస్తుంది? మూడోనాడు తాడిచెట్టు కొట్టారు. పిల్లలు లేత ముంజలే తిని సరిపెట్టుకున్నారు.

కొత్త దూలం వేసిన పొద్దున పేరమ్మ గంప తీసి మొగుడి నెత్తిన పెట్టింది. “ఈసారి నువ్వు మొదుట నడువు.”

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. చేపనీళ్లు మొహం మీద కారుతుంటే, ఓబయ్య అడుగులో అడుగేసుకుంటూ సగం దూరం వచ్చాడు. వెనక అలికిడయింది. పేరమ్మ!

“కొత్త దూలం కుదురుకునేదాకా ఒక్కొక్కరే అన్నా గదా మే!”

“అన్నావులే. పడితే ఇద్దరం పడదాం గానీ, నడువు.”