రుచి చూడకూడని పాలతాలికలు

నా చేతి వంటకి ప్రణతి వంక పెట్టని రోజు లేదు. పద్నాలుగు నెలలుగా అదే వరస. పప్పు చేస్తే అమ్మ ఇంత పలచగా చేసేది కాదండి అంటుంది. వంకాయ కూర చేస్తే ముక్కలు ఇంత పెద్దవి కోసేది కాదండి అంటుంది. పదకొండేళ్ల పిల్ల, గొంతు పెంచదు, కంచం తోయదు. చెప్పాల్సింది చెప్పి, నాలుగు ముద్దలు తిని లేచిపోతుంది. ఆ నెమ్మదికే నాకు ఒళ్లు మండేది.

ప్రణతి నా కడుపున పుట్టిన పిల్ల కాదు. మా ఆయన ఉదయభాస్కర్ మొదటి భార్య మంజుష కూతురు. మంజుష మూడేళ్ల కిందట డెంగీ జ్వరం వచ్చి ఐదు రోజుల్లో పోయింది. అప్పటికి ప్రణతికి ఎనిమిదేళ్లు, తమ్ముడు సూర్యతేజకి మూడు. నేను మండపేటలో ఈ ఇంట్లో కాలుపెట్టిన నెల తిరగకుండానే సూర్యతేజ నన్ను అమ్మా అనేశాడు. ప్రణతి ఇప్పటికీ నన్ను ఏ వరసా పెట్టి పిలవదు. ఎదురుగా వచ్చి నిలబడి, పాలు పొంగుతున్నాయండి అంటుంది, అంతే.

కిందటేడు మంజుష తద్దినానికి మా అత్తగారు రత్నమాణిక్యం గారు నన్ను మా పుట్టింటికి రావులపాలెం పంపేశారు. ఈ ఏడు ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయి కుర్చీకే పరిమితమయ్యారు. వంట నా మీద పడింది. తప్పో ఒప్పో గానీ నాకు సంతోషమే కలిగింది. మంజుషకి ఇష్టమైనవన్నీ సరిగ్గా వండి పెడితే, ఇకనైనా ఆ పిల్ల నన్ను ఆ వంటింట్లో బతకనిస్తుందని ఆశ.

పులిహోర, కంద బచ్చలి కూర, గారెలు, వీటికి భయం లేదు. భయమంతా పాలతాలికలకే. మంజుష చేతి తాలికలంటే ఈ ఇంట్లో పెద్ద పేరు. ఎలా చేసేదో కనుక్కుందామంటే చెప్పే దిక్కు లేదు. మా అత్తగారికి ఇరవై ఏళ్లుగా షుగరు, ఎప్పుడూ నోట పెట్టలేదట. నేర్పిన వాళ్లమ్మ కూడా పోయింది. మా ఆయన్ని అడిగితే, బాగుండేవి నాగదుర్గా అన్నాడు. ఆ సమాధానంతో ఎవరైనా ఏం వండుతారు?

పైగా తద్దినం వంట రుచి చూడకూడదు. ఫోటో ముందు ఆకులో వడ్డించి, కాకికి పెట్టేదాకా ఎవరి నాలుక మీదా పడకూడదు. పొద్దున్నే అత్తగారు కుర్చీలోంచి ఆ మాట రెండుసార్లు గుర్తుచేశారు. అందుకని పిల్లలిద్దరికీ తలస్నానం చేయించి, ఉతికిన బట్టలేసి, వంటింట్లోకి పిలిచాను. తాలికలు ఎలా చేయాలో ఈవేళ నువ్వే చెప్పు, నువ్వెలా చెబితే అలా చేస్తాను అన్నాను ప్రణతితో. దాని మొహం ఒక్క క్షణం పాలిపోయింది. నేను గమనించాను గానీ బెట్టు అనుకున్నాను.

మొదట్లో అంతా సజావుగానే సాగింది. వేడినీళ్లలో బియ్యప్పిండి కలిపి, చెయ్యి కాలనంత చల్లారాక మెదిపి, ముగ్గురం చాప మీద పీటలు వేసుకుని కూర్చున్నాం. సూర్యతేజ తాలికలు వానపాముల్లా వచ్చాయి. వాడే నవ్వుకుని, వాటికి తలలూ తోకలూ పెట్టాడు. ప్రణతి కూడా నవ్వింది. నా ఎదురుగా ఆ పిల్ల పళ్లు కనబడేలా నవ్వడం అదే మొదటిసారి. నేను తల వంచుకుని పిండి మెదుపుతూ కూర్చున్నాను, చూస్తే ఆపేస్తుందని.

పాలలో సగ్గుబియ్యం ఉడికాయి, తాలికలు వేశాం. ఇక బెల్లం. ఎప్పుడు వేసేది అని అడిగాను.

"ఇప్పుడేనండి. పొయ్యి మీదుండగానే," అంది.

మరుగుతున్న పాలలో బెల్లం పడితే విరిగిపోతాయని నాకు తెలుసు. దించి, చల్లారాక పాకం కలపాలి. నోటిదాకా వచ్చిన మాట మింగాను. నువ్వు చెప్పినట్టే చేస్తానని మాటిచ్చానాయె. నిజంగా ఇలాగేనా అని మాత్రం అడిగాను. ఇలాగేనండి అంది నా కళ్లలోకి చూడకుండా. వేశాను.

అర నిమిషం పట్టలేదు. పాలు ముక్కలై నీరు తేలాయి. తాలికలు ఆ విరుగుడులో మునిగిపోయాయి. ముందుగదిలో మా ఆయన ఫోటోకి దండ వేస్తున్నాడు. పన్నెండు కొట్టేలోగా ఆకు వేయాలి.

ఎనిమిదేళ్లు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, పిల్లల్ని ఎలా నిలదీయాలో నాకు బాగా తెలుసు. గొంతు తగ్గించి, కావాలనే చెప్పావు కదూ అన్నాను. నన్ను సాధించడానికి మీ అమ్మ తద్దినమే దొరికిందా అన్నాను. ఇంకా చాలా అన్నాను. పద్నాలుగు నెలల పప్పూ కూరా అన్నీ బయటికొచ్చాయి. సూర్యతేజ నా చీర కుచ్చెళ్లు పట్టుకుని అక్క మొహంలోకీ నా మొహంలోకీ చూస్తున్నాడు.

ప్రణతి గరిటె అందుకుని, అంచుకి అంటుకున్నది వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. మళ్లీ తీసింది, మళ్లీ నాకింది. ఆ పూట అలా చేయకూడదని తెలిసిన పిల్లే. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"నాకు రావట్లేదండి," అంది. "రుచి చూస్తే వస్తుందేమో అనుకున్నాను. రావట్లేదు."

"ఏం రావట్లేదు?"

"అమ్మ చేసినవి ఎలా ఉండేవో. నాకేవీ గుర్తులేవు. పప్పు కూడా."

నా చెయ్యి జారిపోయింది. ఇన్నాళ్లూ అది పెట్టిన వంకలన్నీ నా మీద అనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ పిల్ల వాళ్లమ్మ కోసం వెతుక్కుంది, దొరకలేదని చెప్పింది, అంతే. ఆ మాట నాకెందుకు తట్టలేదో ఆ దేవుడికే తెలియాలి. సిగ్గేసింది. దగ్గరికి తీసుకోబోతే వెనక్కి తగ్గింది.

"మీకు వచ్చినట్టే చేసెయ్యండి," అంది. "నాకు తెలీదు."

విరిగినవి పెరట్లో పారబోశాను. మా ఆయన ఏంటని అడిగితే నా పొరపాటే అన్నాను. పాల ప్యాకెట్లకి పరుగెత్తాడు. మళ్లీ పిండి కలిపాం. ప్రణతి పక్కనే కూర్చుని తాలికలన్నీ సన్నగా, ఒకే కొలతలో చేసింది. దించాక బెల్లం పాకం పోశాను, ఏలకుల పొడి చల్లాను, మా అమ్మ చేసినట్టు.

పన్నెండుకి పది నిమిషాలుందనగా ఆకు వేశాం. కాకి కూడా వచ్చి ముట్టింది. తర్వాత అందరం భోజనాలకి కూర్చున్నాం. మా ఆయన తాలికలు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్లు తుడుచుకుని, అచ్చం మంజుష చేసినట్టే ఉన్నాయన్నాడు. అత్తగారు ఇన్నాళ్లకి నన్ను మనసారా మెచ్చుకున్నారు. ప్రణతి పప్పుకీ కూరకీ దేనికీ ఒక్క మాట అనలేదు. తాలికలు గిన్నె ఖాళీ చేసి మళ్లీ వేయించుకుంది. ఇలాంటి రోజు కోసం ఎన్ని మొక్కులు మొక్కానో. తీరా వచ్చాక దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. వంక పెట్టు తల్లీ, ఏదో ఒకటి అను అని లోపల బతిమాలుకున్నాను.

పెరట్లో కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతుంటే తన కంచం తెచ్చి ఇచ్చింది. వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"తమ్ముడికి చెప్పకండి."

దేని గురించో నేను అడగలేదు. చెప్పనన్నాను.

"అమ్మ గురించి వాడు నన్నే అడుగుతాడండి," అంది.

లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి సూర్యతేజ గొంతు వినబడింది. ఫోటోలో అమ్మ కూడా తాలికలు ఇలాగే చేసేదా అక్కా అని అడుగుతున్నాడు. నేను కుళాయి కట్టేశాను.

"ఇలాగే," అంది ప్రణతి. కాస్త ఆగి, "ఇంకా కొంచెం తియ్యగా ఉండేవి," అంది.