కంటికి మట్టం

టైల్స్ మేస్త్రి ముప్పై ఏళ్లుగా అతుకులు చూసి బతికాడు. రెండేళ్ల నుంచి కుడికన్ను ఆయనతో ఆటలాడుతోంది. నిలువు అతుకు దారంలా కనిపిస్తే అడ్డం అతుకు అలుక్కుపోయేది. దానికి తోడు శుక్లం వచ్చి కూర్చుంది. కిందటి నెల ఒక హాలులో వరుస జారింది. ఆయనతో కలిసి పనిచేసే కూతురు సిమెంటు ఆరకముందే వరుసంతా పెకలించి మళ్లీ వేసింది. అదే ఆయనకు గుచ్చుకుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే, వంగినప్పుడల్లా జారి సిమెంటులో పడేవి. ఆపరేషన్‌తో కన్ను కుదురుకోకపోతే వరుసకు పట్టే దారం కూతురి చేతికిచ్చి తను సిమెంటు కలుపుకుంటానని ఇంట్లో చెప్పేశాడు.

"కంటి ముందు భాగం బంతిలా ఉండాలి. మీది కోడిగుడ్డులా ఉంది" అని డాక్టరమ్మ కొలతలు తీసిన రోజే చెప్పింది. "శుక్లం తీసి, ఆ వంపు సరిచేసే లెన్స్ పెడతాం. దాన్ని సరైన కోణానికి తిప్పి నిలపాలి. ఒక్కో డిగ్రీ తప్పిన కొద్దీ నూటికి మూడు వంతుల చొప్పున ఫలితం పోతుంది."

ఆ రోజు మేస్త్రి ప్రశ్నలు ఆపకపోతే, నర్సు ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని కొలతలు తీయించింది.

ఆపరేషన్ రోజు కంట్లో మత్తు చుక్కలు వేసి, మిషన్ ముందు కూర్చోబెట్టి, నల్లగుడ్డుకు అటూ ఇటూ నీలి సిరాతో చుక్కలు పెట్టారు.

"పడుకోబెట్టాక పెట్టొచ్చుగా డాక్టరమ్మా?"

"పడుకుంటే కనుగుడ్డు కాస్త తిరుగుతుంది. అడ్డగీత ఎక్కడుందో కూర్చున్నప్పుడే గుర్తు పెట్టుకోవాలి."

"తిరుగుతుందా? నాకు చెప్పకుండానే?"

"అందరికీ అంతే."

అరవై ఏళ్లుగా తన తలలో ఉంటూ తనకు తెలియకుండా తిరుగుతోందంటే మేస్త్రికి ముచ్చటేసింది. "ఆ చుక్కలు ఒకసారి చూసుకోనిస్తారా?" అన్నాడు.

నర్సు విసుక్కుంటూ అద్దం ఇచ్చింది. ఆయన ఎడమకంటితో చూశాడు. చుక్కలు రెండూ మట్టంగానే ఉన్నాయి. అద్దం దించబోతుంటే తలుపు దగ్గర నిలబడ్డ కూతురు పకపకా నవ్వింది.

"నాన్నా, మళ్లీ మెడ వాల్చావు! అతుకు చూస్తున్నావా ఏంటి?"

మేస్త్రి నవ్వబోయి ఆగాడు. రెండేళ్లుగా మెడ ఎడమకు వాలిస్తేనే అడ్డం అతుకు కాస్త తేటపడేది. దేన్నైనా నిదానించి చూడాలంటే మెడ దానంతటదే వాలడం అలవాటైపోయింది. ఇందాక చుక్కలు పెట్టేటప్పుడు మిషన్లో దీపాన్ని కూడా అలాగే నిదానించి చూశాడు.

"అమ్మాయ్, నా తల నిటారుగా పట్టుకో" అని, చొక్కా జేబులోంచి మట్టం చూసే వేలెడంత రసమట్టం తీశాడు.

"కంటికి తగలనివ్వకండి మేస్త్రిగారూ!" అని నర్సు అరిచింది.

ఆయన దాన్ని బుగ్గ కింద పట్టుకున్నాడు. కూతురు వెనక నిలబడి తల పట్టుకుని, బుడగను మధ్యకు తెప్పించి, ఆయన చేతిలోని అద్దంలోకి చూసింది. రసమట్టం ఒక దారిన ఉంది, చుక్కలు ఇంకో దారిన ఉన్నాయి.

డాక్టరమ్మ ముందు నవ్వింది. తర్వాత దగ్గరికొచ్చి చూసి నవ్వడం మానేసింది. ఆయన్ని మళ్లీ మిషన్ ముందు కూర్చోబెట్టింది. ఈసారి నర్సు తల పట్టుకుంటే, చుక్కలు తిరిగి పెట్టింది.

"ఎంత తేడా?" అన్నాడు మేస్త్రి కదలకుండా.

"ఎనిమిది డిగ్రీలు. పావు వంతు ఫలితం పోయేది. నేనే చూసుకోవాల్సింది."

"నా మెడది కూడా తప్పేలెండి."

ఆపరేషన్ అయిన మర్నాడు కట్టు విప్పారు. చూపు ఇంకా నీళ్లలోంచి చూసినట్టుంది. రెండు వారాలు ఓపిక పట్టమన్నారు, వంగవద్దన్నారు.

రెండు వారాలకు పరీక్షకు వచ్చినప్పుడు మేస్త్రి ఆసుపత్రి వరండాలో ఆగాడు. ఎడమకన్ను మూసి నేల మీది టైల్స్ చూశాడు. మెడ వాల్చాడు, ఎత్తాడు, మళ్లీ వాల్చాడు. ఎలా చూసినా అడ్డం అతుకు దారంలా తేటగానే ఉంది. వెనకొచ్చేవాళ్లు ఆయన్ని తప్పించుకుని పోతున్నారు.

"పద నాన్నా, దారికడ్డం."

"ఆ మూడో వరుస చూడు. గోడ దగ్గర నూలంత లేచింది."

"నాకేం కనపడట్లేదు."

"రసమట్టం పెట్టి చూడు. నన్ను వంగొద్దన్నారుగా."

కూతురు చుట్టూ చూసి, మోకాళ్ల మీద కూర్చుని రసమట్టం పెట్టింది. బుడగ గోడ వైపు జరిగి నిలిచింది. ఆమె తండ్రి ముఖంలోకి చూసి, దారం ఉండ సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.